మేనేజరు గుండెకి పోలయ్య తాత కాపలా

వయసులో ఉన్న కుక్క గుండె గడియారంలా కొట్టుకుంటుంటే నాకు అనుమానం. ఊపిరి పీల్చినప్పుడు అది కాస్త తొందరపడాలి, వదిలినప్పుడు కాస్త నెమ్మదించాలి. అలా ఊగుతూ, ఆగినట్టే ఆగి మళ్లీ అందుకుంటూ ఉండే గుండే దానికి ఆరోగ్యం. ఈ ఒక్క మాట నా బుర్రకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

పశువైద్యంలో పట్టా పుచ్చుకుని ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. నా ఉద్యోగమంతా విశాఖపట్నంలోనే గడిచింది. మొదట ప్రభుత్వాసుపత్రుల్లో, ఆ తర్వాత మద్దిలపాలెంలో సొంత క్లినిక్‌లో. అందులో సగం ఆవులకీ గేదెలకీ పోయింది, మిగతా సగం కుక్కలకీ వాటి యజమానులకీ పోయింది. యజమానుల వాటాయే ఎక్కువ. బదిలీలు, ప్రమోషన్లు, ఎవరి మీద ఎవరు పిటిషన్ పెట్టారు, ఇవన్నీ ఎవరికీ పనికిరావు కాబట్టి రాయను. కుర్ర కుక్కల గుండెల విషయంలో నేను చేసిన తప్పులు మాత్రం రాస్తాను. వాటిలో ఒకదాన్ని తలుచుకుంటే సిగ్గు, ఒకదాన్ని తలుచుకుంటే నవ్వు. ఇంకొకదాన్ని తలుచుకోకుండా ఉండాలనే నా ప్రయత్నం.

తువ్వాల్లో పెరిగిన కుక్క

కొత్తలో మేము స్టీలు ప్లాంటు టౌన్‌షిప్పులో ఉండేవాళ్లం. మా ఆయన ప్లాంటులో ఇంజనీరు. మాది కృష్ణా జిల్లా, మా పై అంతస్తు వాళ్లది గోదావరి జిల్లా. ఆ దంపతులు ఐదు నెలల లాబ్రడార్ పిల్లని టీకా కోసం తీసుకొచ్చారు. టీకా వేసి ఊరుకోవచ్చు కదా. కొత్త స్టెతస్కోపు, కొత్త ఉత్సాహం. గుండె మీద పెట్టి విన్నాను. అది తొందరపడుతోంది, ఆగుతోంది, మళ్లీ తొందరపడుతోంది. గుండె జబ్బని చెప్పేశాను. పరుగులు వద్దు, మెట్లు వద్దు, ఉద్రేకం అసలు వద్దు అన్నాను.

వాళ్లు మాట వినే మనుషులు. మా వృత్తిలో అంతకంటే ప్రమాదం లేదు. ఆ రోజు నుంచి ఆ కుక్కని పెద్ద తువ్వాల్లో పడుకోబెట్టి, ఆయన రెండు కొసలు, ఆవిడ రెండు కొసలు పట్టుకుని మూడంతస్తులు కిందికి దింపేవాళ్లు. అది ఒకటికి పోసుకోగానే మళ్లీ మోసుకుపోయేవాళ్లు. ఉద్రేకం వద్దన్నాను కదా, కాలింగ్ బెల్లు పీకేశారు. క్రికెట్ మ్యాచ్ వస్తే టీవీ గొంతు నొక్కేసేవాళ్లు. వచ్చిన చుట్టాలు చెప్పులు బయటే విడిచి గుసగుసలుగా మాట్లాడాలి. ఇంట్లో పసిబిడ్డ పుట్టిందనుకుని ఎదురింటావిడ ఉగ్గుగిన్నె కూడా తెచ్చిచ్చింది. నాలుగు నెలలయ్యేసరికి కుక్క గుమ్మడికాయంత అయింది.

అప్పుడు మా పెద్ద డాక్టరు గారికి చూపించాను. ఆయన గుండె వినేటప్పుడు కళ్లు మూసుకునేవారు. నిద్రపోతున్నారని స్టాఫంతా అనుకునేవాళ్లు. ఒక్కోసారి నిజంగానే నిద్రపోయేవారు. ఆ రోజు మాత్రం పది నిమిషాలు విని, గొట్టం నా చెవుల్లో పెట్టి, నా కుడిచెయ్యి కుక్క పక్కటెముకల మీద ఉంచి, ఊపిరితో పాటు వినమన్నారు. విన్నాను. ఛాతీ పైకి లేచినప్పుడల్లా గుండె తొందరపడుతోంది, దిగినప్పుడల్లా నెమ్మదిస్తోంది. అంతే.

"ఈ కుక్కకి జబ్బేమీ లేదమ్మా. ఉన్న జబ్బల్లా నువ్వే" అన్నారాయన.

యజమానులు నన్ను తిడతారనుకున్నాను. ఆవిడ మాత్రం, అయితే తువ్వాలు ఉతికేసుకోవచ్చా అండీ అని అడిగింది. కుక్కకి మెట్లు దిగడం కొత్తగా నేర్పాల్సి వచ్చింది. చాలా రోజులు అది మొదటి మెట్టు మీద కూర్చుని తువ్వాలు కోసం ఎదురు చూసేది.

పెద్ద డాక్టరు గారు ఆ రోజు ఇంకొకటి నేర్పారు. చెవితో గుండె వింటూ, రెండో చేతి వేళ్లతో తొడ లోపలి నాడి పట్టుకోవాలి. చెవిలో వినబడ్డ ప్రతి దెబ్బా వేలి కిందికి రావాలి. ఊపిరితో ఊగే గుండెకి అన్నీ వస్తాయి. చెవికి వినబడి వేలికి అందని దెబ్బ ఉంటే, ఆగి ఆలోచించాలి. గుండె నిండకముందే తొందరపడి కొట్టిన దెబ్బ అది.

కంచరపాలెం టైలరు

మొదటి పాఠం నాకు బాగా వంటబట్టింది. రెండోది పట్టలేదు. ఆ తర్వాత ఏ కుర్ర కుక్క గుండె ఎలా కొట్టుకున్నా "మామూలే" అనడం అలవాటైపోయింది. తెలివైనదాన్ననుకునేదాన్ని.

కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గర సింహాచలం గారని టైలరు ఉండేవారు. ఆయన ఆరు నెలల జర్మన్ షెపర్డ్ పిల్లని తెచ్చారు. చురుకైన కుక్క, నా టేబులు మీద గ్లౌజుల పెట్టె మొత్తం నమిలేసింది. గుండె విన్నాను. ఊపిరితో ఊగడం వినబడింది. మధ్యలో రెండు మూడు దెబ్బలు ముందే వచ్చి పడడం కూడా వినబడింది. బయట వరసలో జనం ఉన్నారు. నా వేళ్లు తొడ దగ్గరికి వెళ్లలేదు. మామూలే అని పంపించేశాను.

రెండు వారాలు తిరక్కుండానే ఆయన ఒంటరిగా వచ్చారు. కుక్క మధ్యాహ్నం బాగా ఆడుకుని, కుట్టుమిషను కింద పడుకుందట. దాని తల ఆయన పాదం మీద ఉందని, లేపడం ఇష్టం లేక ఒక్క కాలితోనే మెల్లగా తొక్కుతూ కుట్టుకున్నారట. సాయంత్రం పాదం తీస్తే అది కదల్లేదు.

"నా మిషను సప్పుడికేటైనా అయ్యుంటాదా అమ్మగోరూ?" అని అడిగారు.

కాదన్నాను. ఆ జాతిలో కొన్నిటికి పుట్టుకతోనే వస్తుందన్నాను. మీ తప్పు కాదని రెండుసార్లు చెప్పాను. ఎవరి తప్పో చెప్పలేదు. ఆయన నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజంతా నేను చేసిన పనుల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు.

ఈ జబ్బు సంగతి పిల్లలకి విడమరిచి చెప్పాలి. కొన్ని జర్మన్ షెపర్డ్ సంతతుల్లో నాలుగైదు నెలల వయసు నుంచి గుండె కింది గదులు ఉండుండి తప్పుడు దెబ్బలు కొడతాయి. పైకి ఏమీ తెలియదు. దగ్గు ఉండదు, ఆయాసం ఉండదు, పరుగులో అందరికంటే ముందుంటుంది. ఆడి అలిసి నిద్రపోయినప్పుడు గుండె తడబడుతుంది. ఆ తడబాటులోంచి ఒక్కోసారి బయటికి రాదు. మన టేబులు మీద రెండు నిమిషాలు ఈసీజీ తీస్తే దొరకదు, ఎందుకంటే అక్కడ కుక్క భయంతో మెలకువగా ఉంటుంది. రోజంతా ఒంటికి కట్టి ఉంచే యంత్రం కావాలి. దాన్ని హోల్టరంటారు. అరచేతిలో పట్టే పెట్టె, దానికి నాలుగు తీగలు, తీగల చివర అంటించే బిళ్లలు. ఏడాదిన్నర, రెండేళ్లు దాటితే చాలా కుక్కల్లో ఈ తడబాటు దానంతటదే తగ్గిపోతుంది. అక్కడిదాకా బతకడమే కష్టం.

మేనేజరు వచ్చాడు

యారాడ నుంచి నూకాలు అనే ఆవిడ ఆటోలో వచ్చింది. వెంట మామగారు పోలయ్య, ఆయన ఒళ్లో ఏడు నెలల జర్మన్ షెపర్డ్. ఆవిడ భర్త ఎల్లాజీ చేపల వేటకి వెళ్లాడు. సముద్రం మీద బతికే ఇంట్లో ఆ జాతి కుక్క ఎలా వచ్చిందంటే, వీళ్లు ఐసు తెచ్చుకునే ఫ్యాక్టరీలో మేనేజరు రెండు కుక్కపిల్లల్ని పెంచాడు. బదిలీ మీద వెళ్తూ ఒకదాన్ని ఎల్లాజీ చేతిలో పెట్టాడు. ఊళ్లో వాళ్లు 'మేనేజరు గారి కుక్క' అనేవాళ్లు. తర్వాత తర్వాత అది ఉత్త 'మేనేజరు' అయింది. మేనేజరు తిన్నాడా, మేనేజరు స్నానం చేశాడా, మేనేజరు ఎవరి చేపలు ఎత్తుకుపోయాడు, ఇలా ఉండేవి వాళ్ల మాటలు.

ఆ ముందు రోజు అసలు మేనేజరు ఫోన్ చేశాడట. రెండో పిల్ల, తన దగ్గరున్నది, నిద్రలోనే చనిపోయిందని.

"ఈడి తోడబుట్టినోడు నిద్దర్లోనే పోనాడంట డాక్టరమ్మా. ఈడికీ అదే ఉందేటో సూడండి" అంది నూకాలు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. పిల్లల్లేని ఇల్లు. ఆ కుక్కని ఆవిడ 'మా గుంటడు' అనేది.

ఈసారి వేళ్లు తొడ మీదే పెట్టాను. వినగా వినగా ఒక దెబ్బ చెవికి వచ్చింది, వేలికి రాలేదు. పావుగంటకి ఇంకొకటి. ఈసీజీ తీస్తే అన్నీ సవ్యంగా ఉన్నాయి. నాకు తెలిసిన ఒక గుండె డాక్టరు దగ్గర మనుషులకి కట్టే హోల్టరు అరువు తెచ్చాను. కట్టడానికి తొడుగు కావాలి. మామూలు గుడ్డ కడితే కుక్క నిమిషంలో పీకేస్తుంది. విశాఖపట్నంలో టైలర్లు ఇంకెవరూ లేనట్టు నా కాళ్లు కంచరపాలెం వైపే నడిచాయి.

తొడుగు ఎందుకో, ఏ కుక్కకో చెప్పాను. ఆగితే మళ్లీ చెప్పలేనని, ఒక్క ఊపిరిలో మిగతాదీ చెప్పాను. "సింహాచలం గారూ, ఆ రోజు మీ కుక్క గుండె తడబడడం నేను విన్నాను. విని కూడా మామూలే అన్నాను."

ఆయన మిషను ఆపారు. సుద్దముక్క చెవి మీంచి తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. "దీనికి జేబెక్కడ పెట్టాల?" అని అడిగారు.

మర్నాడు తొడుగు ఇచ్చారు. ఖాకీ గుడ్డ, వీపు మీద యంత్రానికి జేబు, పొట్ట కింద గుండీలు, మెడకి కాలరు. కాలరెందుకన్నాను. కాలరు లేకుండా చొక్కా కుట్టడం తనకి చేతకాదన్నారు. నేను గుమ్మం దిగుతుంటే వెనకనుంచి, "ఈ పాలి సరిగ్గా ఇనండమ్మగోరూ" అన్నారు. నేను తలూపాను, వెనక్కి తిరగలేకపోయాను.

పోటు సగం, అన్నం తిన్నాడు

బిళ్లలు అంటుకోవాలని మేనేజరు ఛాతీ మీద నాలుగు చోట్ల బొచ్చు గొరిగాను. ఊడితే వెయ్యమని అదనపు బిళ్లలూ ప్లాస్టరూ ఇచ్చాను. కాలరు చొక్కా తొడుక్కుని వాడు ఏదో ఆఫీసుకి వెళ్తున్నట్టే ఉన్నాడు. వాళ్లకి మూడు జాగ్రత్తలు చెప్పాను. యంత్రం తడవకూడదు. ఇరవైనాలుగు గంటల్లో ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, ఆగితే అంతా వృథా. రోజూ చెయ్యనిది కొత్తగా ఏం చేసినా, ఎప్పుడు చేశాడో కాగితం మీద రాయాలి.

ఈ మూడు జాగ్రత్తల్లోనూ తప్పుంది. మీకు కనిపించిందా? నాకు కనిపించలేదు.

ఎల్లాజీ పదో తరగతి చదివాడు కాబట్టి రాత పని అతనిది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. 'పోటు సగానికొచ్చింది, అన్నం తిన్నాడు. గాలి తిరిగింది, తొంగున్నాడు. ఎర్ర బోటు వొచ్చింది, మొరిగినాడు. నీలం బోటు వొచ్చింది, మొరగలేదు.' గంట అన్న మాట ఎక్కడా లేదు. యంత్రానికి తెలిసింది గంటలే, ఎల్లాజీకి తెలిసింది సముద్రమే. నేను పోటుపాట్ల వేళలు తెప్పించుకుని, పక్కన పెట్టుకుని, గుండెకీ సముద్రానికీ లెక్క కుదిర్చాను. గాలి ఎప్పుడు తిరిగిందో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఎందుకని వాళ్లడిగితే కుక్క పడుకున్న టైము కోసమన్నాను. వాళ్లు మళ్లీ అడగలేదు.

రికార్డింగు చూస్తే, అక్కడక్కడా ఒకటీ అరా తప్పుడు దెబ్బలున్నాయి. కానీ అసలు భయపడాల్సిన మధ్యాహ్నం నిద్ర, ఆటలయ్యాక మూడు గంటల పాటు, ముత్యాల్లా ఉంది. ఒక్క తడబాటు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. రమ్మని కబురు చేసి, గండం లేదని చెప్పాను. నూకాలు నా రెండు చేతులూ పట్టేసుకుంది.

పోలయ్య తాత ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు. నాకంటే పదిహేనేళ్లే పెద్ద, అయినా అందరూ తాతా అంటారు కాబట్టి నేనూ అదే అనేదాన్ని. మెల్లిగా ముందుకి జరిగి, "మరి నాదెలాగుంది డాక్టరమ్మా?" అన్నాడు.

"నీదేమిటి తాతా?"

"నాను గూడా కట్టుకున్నాను గదా. అంతా సూసినారు గదా, నాది గూడా సెప్పేత్తే ఓ పనైపోద్ది."

అని చొక్కా గుండీలు విప్పాడు. ముసలాయన ఛాతీ మీద నాలుగు చోట్ల వెంట్రుకలు నున్నగా గొరిగి ఉన్నాయి. సరిగ్గా కుక్కకి నేను గొరిగిన చోట్లే.

సంగతేమిటంటే, మేనేజరు రోజూ బోట్లు తిరిగొచ్చే వేళకి సముద్రంలోకి దూకి ఈదుతాడు. ఆపడం ఎవరి తరమూ కాదు. యంత్రం తడవకూడదన్నాను, కాబట్టి విప్పారు. ఆగకూడదన్నాను, కాబట్టి తాతకి కట్టారు. నేను ఏది ముందు చేశానో అదే వరసలో, ముందు గొరిగి, తర్వాత బిళ్లలు అంటించారు. మేనేజరు చొక్కా పట్టక, పైన తువ్వాలు చుట్టారు. ఈదొచ్చిన కుక్క ఒళ్లు దులుపుకుని వలల మీద నిద్రపోయింది. యంత్రంతో కూర్చున్న తాత కూడా నిద్రపోయాడు. ఇద్దర్నీ లేపడం ఎందుకని నూకాలు మూడు గంటలు ఊరుకుంది. ఈత రోజూ ఉండేదే కాబట్టి ఎల్లాజీ రాయలేదు.

వాళ్లని తిట్టడానికి నోరు తెరిచి మూసేశాను. వాళ్లు నేను చెప్పిన ఒక్క మాట కూడా తప్పలేదు. తప్పు మొత్తం నాది. లోపలికెళ్లి ఆ మూడు గంటలూ మళ్లీ చూశాను. గుండె ఊగడం లేదు. గడియారం. గీతల ఎత్తు కూడా మారింది. అది చూసి, కుక్క పక్కకి ఒత్తిగిల్లి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఏడు నెలల కుక్కకి అలాంటి గుండె ఉండదని ఊరందరికీ పాఠం చెప్పేదాన్ని, కళ్ల ముందున్నా చూడలేదు. ఆ కుక్క బాగుండాలని నాకు ఎంత ఉందంటే, బాగున్నట్టు కనబడగానే చూడడం మానేశాను. పిల్లలూ, చెడ్డ వార్త వచ్చినప్పుడు అందరూ రెండుసార్లు చూస్తారు. మంచి వార్తని మూడుసార్లు చూడండి.

మనుషుల గుండె గురించి చెప్పే అధికారం నాకు లేదు. అయినా తాత గుమ్మం దగ్గర నిలబడి ఎదురు చూస్తున్నాడు. ఆ మూడు గంటల్లో నాకు వంకేమీ కనబడలేదని, అయినా మనుషుల డాక్టరుకి చూపించుకోమనీ చెప్పాను. మొదటి సగం మాత్రమే యారాడ చేరింది.

నిద్రకి కాపలా

రెండోసారి నేనే యారాడ వెళ్లాను. ముందు ఈత, తర్వాత ఒళ్లు తుడవడం, తర్వాత యంత్రం. ఊరు ఊరంతా తుడవడానికి వచ్చింది. మేనేజరు వలల మీద పడుకున్నాడు. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. అరగంట దాకా ఊగుతున్న గుండె, కాళ్లు అదురుతున్న నిద్ర. ఉన్నట్టుండి చేతి కింద గుండె జారింది. నాలుగైదు దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆగింది. మళ్లీ దారిలోకొచ్చింది. పక్కనే చెయ్యి పెట్టిన తాత నా మొహం వైపు చూశాడు. ఆయనకీ తెలిసింది.

యంత్రంలో అలాంటివి చాలా ఉన్నాయి. వాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది నిద్రలో వస్తుంది, నిద్రలోనే ప్రాణం పోవచ్చు, రెండేళ్లు నిండేదాకా గండం, అది దాటితే చాలావరకు భయం లేదు. మెక్సిలెటిన్, సొటలాల్ అనే రెండు మాత్రలూ కలిపి ఇచ్చాను. ఈ జబ్బులో రెండోది ఒక్కటే ఇస్తే తడబాటు పెరగొచ్చు, అది గుర్తుపెట్టుకోండి. పరుగులు తగ్గించమన్నాను. గండం అన్న మాట వాళ్లకి వెంటనే అర్థమైంది. జబ్బు పేరు చెబితే అంత అర్థమయ్యేది కాదు.

పది రోజులకి మేనేజరుని మళ్లీ తెచ్చారు. కుక్క తూలుతోంది. నిలబడే కళ్లు మూస్తోంది. బిస్కట్టు పెడితే నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయి అలాగే ఉండిపోయింది. మాత్రలు పడలేదేమో అనుకున్నాను. అడగ్గా అడగ్గా బయటపడింది. నిద్రలో పోతాడని నేనన్నాను కాబట్టి, వాళ్లు దాన్ని నిద్రపోనివ్వడం లేదు. బోటు మీద కాపలా వంతులు వేసుకున్నట్టు వంతులు వేసుకున్నారు. వాడు కూలబడగానే తాత పళ్లెం వాయించడం, నూకాలు రేడియో పెట్టడం, పక్కింటి వాళ్లు వచ్చి పిలవడం. ఊళ్లో ఎవరికి ఖాళీ ఉంటే వాళ్లు వచ్చి మేనేజరుని ఒకసారి కదిలించి వెళ్లేవాళ్లు.

అంతకుముందు ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాను. నూకాలు బెదరలేదు.

"నిద్దరోతే పోతాడని మీరే గదా సెప్పినారు. మరి మేమేటి సెయ్యాల?"

కూర్చుని, నిద్ర శత్రువు కాదని, నిద్ర లేకపోతే గుండె ఇంకా చెడుతుందని, నెమ్మదిగా మళ్లీ చెప్పాను. ఆవిడ ఒప్పుకుంది. తాత ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. కుక్క నిద్రపోవచ్చు, కానీ మధ్యాహ్నం నిద్రకి తాత పక్కన కూర్చుని చెయ్యి వేసి ఉంచుతాడు. దానివల్ల వైద్యపరంగా ఉపయోగం సున్నా. అది నేను చెప్పలేదు.

తాత చదువుకోలేదు. తడబాటు తగిలినప్పుడల్లా వల అల్లే దారానికి ఒక ముడి వేసేవాడు. ఒక్క దెబ్బ తప్పితే చిన్న ముడి, వరసగా నాలుగైదు తప్పితే పెద్ద ముడి. రోజుకొక దారం. నెలకొకసారి ఆ దారాలన్నీ కట్టగా తెచ్చి నా టేబులు మీద పెట్టేవాడు. మొదట నాకు నవ్వొచ్చింది. ఒకరోజు యంత్రం కట్టించి, అదే సమయంలో ఆయన చేత ముడులు వేయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. తాత రెండు తడబాట్లు వదిలేశాడు. లేనిది ఒకటి వేశాడు. అదేమిటని అడిగితే, అప్పుడు వాడికి కలొచ్చిందన్నాడు. ఐదేళ్లు చదివి వచ్చిన వాళ్లకి కూడా అంత చెయ్యి కుదరడం నేను చూడలేదు.

పేరు పాకింది. యారాడలో జనం తాత దగ్గరికి కుక్కల్నీ, మేకల్నీ, పసిపిల్లల్నీ తెచ్చి చెయ్యి పెట్టించడం మొదలుపెట్టారు. ఒకసారి ఎవరిదో పందెం కోడిని చంకన పెట్టుకుని తాతే నా దగ్గరికి వచ్చాడు, దీని గుండె మరీ దౌడు తీస్తోందని. కోళ్ల గుండె అలాగే ఉంటుందని చెబితే, ముందే చెప్పకూడదా, దీనికి వారం రోజులుగా మజ్జిగ తాగిస్తున్నామన్నాడు. కోడి కూడా అదే అడగాలన్నట్టు నావైపు చూసింది.

ఏ మధ్యాహ్నమూ ఆయన ఇల్లు కదల్లేదు. పెళ్లిళ్లకి పోలేదు, బంధువుల పంచాయతీలకి పోలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే రెండో చెయ్యి మార్చేవాడు. తనకి ఆ వేళ నిద్ర అలవాటు, అది మానేశాడు. ఆ చెయ్యి కింద గుండె ఆగిపోతే ఏం చేస్తావని నేను ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు దారాలు విప్పుతూ ఆయనే అన్నాడు.

"ఆగిపోతే నాను సేసీదేటీ లేదని నాకు తెల్సు డాక్టరమ్మా. ఒక్కడూ పోకూడదు గదా."

నేను ముడులు లెక్కపెట్టడానికి వంచిన తల వెంటనే ఎత్తలేదు.

ఏడాది దాటాక పెద్ద ముడులు తగ్గాయి. తర్వాత చిన్నవి పలచబడ్డాయి. ఉత్త దారాలు రావడం మొదలైంది. తాత వాటిని కూడా విడివిడిగా చుట్టి తెచ్చేవాడు, ఇవి ఖాళీవి అని చెబుతూ.

రెండేళ్లు నిండాయి

మేనేజరుకి రెండేళ్లు నిండిన నెలలో ఆఖరి రికార్డింగు తీశాను. కట్టుకున్నది ఎవరని నూకాల్ని మూడుసార్లు అడిగాను. ఎల్లాజీని వేరుగా అడిగాను. మూడు రోజులు కూర్చుని మొత్తం ఇరవైనాలుగు గంటలూ నా కళ్లతో చూశాను. గుండె ఊగుతోంది, నెమ్మదిస్తోంది, మళ్లీ అందుకుంటోంది. తడబాటు ఒక్కటి లేదు. మూడుసార్లు చూశాక రమ్మని కబురు పెట్టాను.

తాత బల్ల మీద కూర్చున్నాడు. మేనేజరు ఆయన కాళ్ల దగ్గర నేల మీద. నూకాలు నిలబడే ఉంది. మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేద్దామని, గండం గడిచినట్టేనని, ఇంక కాపలా అక్కర్లేదని చెప్పాను.

"కాయమేనా?" అన్నాడు తాత.

"ఖాయమని ఎవరూ చెప్పలేరు తాతా. నా కుక్కే అయితే మాత్రం నేను హాయిగా పడుకుంటాను."

ఆయన తలూపాడు. నూకాలు కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మాత్రలు ఎలా తగ్గించాలో కాగితం మీద సూర్యుడి బొమ్మలు వేసి ఆవిడకి చెబుతున్నాను. ఇటు తిరిగేసరికి తాత గోడకి ఆనుకుని నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుంది. రెండు చేతులూ బల్లకి అటూ ఇటూ వేలాడుతున్నాయి. కింద మేనేజరు కూడా కాళ్లు బారజాపి పడుకున్నాడు. అప్పుడు మధ్యాహ్నం రెండున్నర.

బయట జనం ఉన్నారు. ఎవరిదో మేక అరుస్తోంది, ఎవరో తలుపు తట్టారు. మామగారిని లేపడానికి నూకాలు భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. వద్దని ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాను. తలుపు గడియ పెట్టి వచ్చి, నా స్టూలు దగ్గరికి లాక్కున్నాను. మేనేజరు కాళ్లు అదురుతున్నాయి. అలవాటు కొద్దీ మా ఇద్దరి చేతులూ వాడి ఛాతీ వైపు వెళ్లాయి. సగంలో ఒకరినొకరు చూసుకుని, చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాం.